పూడిక గీత

పొద్దున ఆరున్నరకల్లా గుమ్మం ముందు గోనెపట్టా పరవడంతో లెక్కలయ్య రోజు మొదలయ్యేది. అక్క వంటింట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి వంటింట్లోకీ తిరుగుతూనే ఉంటుంది. ఆమె కాలు పెట్టిన చోటల్లా తడి అడుగు పడుతుంది. పట్టా లేకపోతే ఎవరో ఒకరు జారిపడి నడుం విరగ్గొట్టుకోవాల్సిందే. పట్టా పరిచాక అక్క గోడకి ఆనుకుని నిలబడేది. తమ్ముడు దర్జీ టేపుతో నేల దగ్గర్నుంచి ఆమె ఒంటి మీది తడి గీత దాకా కొలిచి, చీటీ మీద రాసుకుని, చీటీ చొక్కా జేబులో పెట్టుకుని, టీ తాగి ఆఫీసుకి పోయేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఆఫీసంటే నీటి లెక్కల ఆఫీసు. నీళ్ళకి లెక్కలేమిటని మీరు నవ్వుతారేమో. నవ్వండి గానీ, కొండల్లో వాన ఎంత పడింది, అందులో రిజర్వాయరులోకి వచ్చిందెంత, ఎండకి ఆవిరైందెంత, కాలువలోకి వదిలిందెంత, ఏ ఊరు ఎంత వాడుకుంది, అడుగున ఎంత మిగిలింది, ఇవన్నీ ఏడాదికోసారి ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కాలి. వచ్చింది ఒకవైపు, పోయిందీ మిగిలిందీ ఇంకోవైపు. ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయకుండా ఒక్క బిందెడు నీళ్ళు కూడా అందులో చూపించకూడదని రూలు. వానలు పడేదాకా ఏ ఊరికి ఎన్ని నీళ్ళో ఆ పుస్తకాన్ని బట్టే తేలుస్తారు. అది రాసేవాడు కాబట్టే ఆయన లెక్కలయ్య. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసినా రెండు వైపులా ఎప్పుడూ సరిపోయేవి కావు. ఎంతో కొంత తేడా వచ్చేది. దాన్ని "లెక్కకు రానిది" అని అడుగున రాసి సంతకం పెట్టించేవాళ్ళు. ఏటా పుస్తకం ముగించిన రోజు లెక్కలయ్య దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అక్కకి చూపించేవాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి పైనుంచి కింద దాకా చూసుకుంటూ వచ్చి, "ఇంకా కొంచెం తేడా ఉందిరా. నీ లెక్క ఎప్పుడు సరిపోతుందో ఏమో" అనేది. చిన్నప్పుడు కూడికలూ తీసివేతలూ నేర్పింది ఆమే మరి. అమ్మ పోయేనాటికి ఆయనకి ఎనిమిదేళ్ళు, ఆమెకి పదమూడు. తను బడి మానేసి తమ్ముణ్ణి చదివించుకుంది.

అక్కది కూడా అదే ఆఫీసు. రిజర్వాయరు స్కేలు చదివే పనిలో చేరింది. స్కేలంటే గట్టు పక్కన నీళ్ళలో నిలబెట్టిన, అడుగులూ అంగుళాలూ రాసిన పొడవాటి పలక. రోజూ మెట్లు దిగి వెళ్ళి, నీళ్ళు ఎంత దాకా ఉన్నాయో చూసి రాసుకురావాలి. చేరిన మూడో రోజో నాలుగో రోజో ఆమె ఒంటి మీద తడి గీత వచ్చింది. రిజర్వాయరు నిండితే గీత భుజాల దాకా ఎక్కుతుంది, ఎండాకాలం మోకాళ్ళ కిందకి దిగుతుంది. ఎన్ని బట్టలు మార్చినా అంతే, గీత కింద తడి, పైన పొడి. ఒకసారి వరదకి స్కేలు విరిగి కొట్టుకుపోతే ఇరవై రోజులు ఆమె ఒంటి మీది అంగుళాల్ని రిజర్వాయరు అడుగుల్లోకి మార్చుకుంటూ ఆఫీసంతా ఆమె మీదే నడిచింది. అప్పుడే రిజిస్టరులో రెండు గళ్ళు గీశారు, ఒకటి "స్కేలు ప్రకారం", రెండోది "అక్క ప్రకారం". ఆమెకి స్కేలక్క అన్న పేరూ అప్పుడే పడింది. పై నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు రెండు గళ్ళూ చూసుకుని, తేడా లేదు కదా అని సంతకం పెట్టి పోయేవాళ్ళు. ఎండలు మండే రోజుల్లో ఆమె పక్కన చల్లగా ఉంటుందని ఆఫీసు ఆఫీసంతా భోజనం డబ్బాలు పట్టుకుని ఆమె చుట్టూ చేరేది. ఆమె రిటైరైంది గానీ గడి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆరేళ్ళ కిందట ఒక చెడ్డ ఏడాది వచ్చింది. రిజర్వాయరు అడుగంటింది. అడుగున పూడిక ఉంటుంది, నది మోసుకొచ్చి పోసిన మట్టి. పూడిక దాకా నీళ్ళు లాగేస్తే ఆ మట్టి కొట్టుకొచ్చి కాలువ మూసుకుపోతుంది. అందుకని పూడిక ఎక్కడ దాకా ఉందో కొలిచి, అక్కడొక గీత పెట్టుకుని, నీళ్ళు గీతకి దిగగానే గేటు మూస్తారు. ఆ ఏడు గీత దాకా లాగేశారు. అక్క ఒంటి మీది తడి చీలమండలు దాటి, మడమలు దాటి అరికాళ్ళకి దిగింది. ఆమె మంచం పట్టింది. మూడు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. డాక్టరు వచ్చి నాడి చూసి, నా చేతుల్లో ఏముంది, కొండల్లో వాన పడాలి అని చెప్పి పోయాడు. నాలుగో రోజు ఎక్కడో జల్లు పడి రిజర్వాయరు అరడుగు లేచింది. అక్క కళ్ళు తెరిచి ఆకలేస్తోందిరా అంది. లెక్కలయ్య వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత నెలలోనే పూడిక మళ్ళీ కొలవాల్సి వచ్చింది. పడవ మీద పోయి, తాడుకి సీసం గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, అడుగు ఎక్కడ తగిలిందో రాసుకోవడమే ఆ పని. తనే పోతానన్నాడు లెక్కలయ్య. గుండు వేసిన ప్రతి చోటా లోతు నాలుగడుగులు తగ్గించి చెప్పాడు. పడవవాడు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ నీళ్ళ మీద తిరిగినవాడు, అడుగు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అతను లెక్కలయ్య మొహంలోకి ఒక్కసారి చూసి, మీరు ఎంతంటే అంతే బాబూ అని తెడ్డు అందుకున్నాడు. పూడిక గీత నాలుగడుగులు పైకి జరిగింది. నాలుగడుగుల నీళ్ళు పుస్తకంలో మట్టి అయి కూర్చున్నాయి. ఆపైన ఎంత ఎండాకాలం వచ్చినా అక్కకి చీలమండల దాకా తడి ఉండేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఆరేళ్ళూ వానలు బాగానే పడ్డాయి, ఆ నీళ్ళ అవసరం ఎవరికీ రాలేదు. తను చేసింది తప్పన్న సంగతి లెక్కలయ్యకే మరుపున పడింది. ఏడో ఏడు మాత్రం వానలు మొహం చాటేశాయి. ఏడాది లెక్కలు తేల్చే మీటింగు నాటికి రిజర్వాయరు సరిగ్గా పూడిక గీత మీద ఉంది. అంటే పుస్తకం ప్రకారం పంచడానికి చుక్క లేదు. మిగతా ఊళ్ళకి చెరువులో, లోతు బావులో ఏవో ఉన్నాయి, ఈడ్చుకొస్తాయి. చెరువు కూడా ఎండిపోయి ఏమీ లేనిది కాలువ చిట్టచివర ఉన్న ఊరికే. దాన్ని అందరూ చివరి ఊరు అనే అంటారు.

మీటింగుకి రెండు రోజుల ముందు ఆ ఊరి నుంచి నర్సమ్మ వచ్చింది. అక్కడి చిన్న ఆసుపత్రిని నడిపేది ఆవిడే. ఏటా మీటింగుకి వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, అందరూ పంచుకోగా మిగిలింది తీసుకుని పోయేది. ఈసారి లాడ్జీలు నీళ్ళు లేక తలుపులు మూసుకున్నాయని తెలిసి అక్క తమ ఇంట్లో దిగమని కబురు పెట్టింది. నర్సమ్మ గుమ్మంలో తడి అడుగులు చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, పట్టా మీద నుంచే జాగ్రత్తగా లోపలికి వచ్చింది.

అక్క గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. నర్సమ్మ సగం తాగి, సంచీలోంచి సీసా తీసి, మిగతా సగం చుక్క కింద పడకుండా అందులో ఒంపుకుంది. ఒంపుకున్నాక గానీ తను ఏం చేసిందో ఆవిడకే తెలియలేదు. అలవాటైపోయిందండీ అని సిగ్గుపడింది. తర్వాత మాటల్లో మాటగా చెప్పింది, పుట్టిన పిల్లల్ని తడిగుడ్డతో తుడిచి తల్లుల చేతుల్లో పెడుతున్నానని. గుంటల్లో అడుగునీళ్ళు తాగి కిందటి నెల విరేచనాలతో ముగ్గురు పిల్లలు పోయారు. ముగ్గురూ తన చేతుల మీద పుట్టినవాళ్ళే. ఆవిడ ఏడవకుండా చెప్పింది. ఏడుపు ఎప్పుడో అయిపోయిందట. అక్క ఆ పూట భోజనం ముట్టలేదు.

మర్నాడు పొద్దున నర్సమ్మ ఇంకా నిద్ర లేవలేదు. లెక్కలయ్య టేపు తీసుకుని వంగాడు. అక్క కాలు వెనక్కి తీసుకుంది.

"అడుగున ఏముందిరా?"

"ఏముంటుందక్కా? పూడిక."

"పూడికా?"

లెక్కలయ్య టేపు చుట్టసాగాడు. సర్వే చేశాం కదా, నేనే పడవెక్కి పోయాను కదా, అంతా పుస్తకంలో ఉంది కదా అంటూ ఏదో చెప్పబోయాడు.

"నా కాళ్ళు ఎందులో ఉన్నాయో నాకు తెలీదట్రా?" అంది అక్క. "మట్టి వెచ్చగా ఉంటుంది, కాళ్ళని పట్టేసుకుంటుంది. ఇవి నీళ్ళు. చల్లటి నీళ్ళు. చూడు, వేళ్ళు ఆడుతున్నాయి."

నిజంగానే కాలివేళ్ళు ఆడించి చూపించింది. లెక్కలయ్య అక్కడే తడి నేల మీద చతికిలబడ్డాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు పడవ దిగి ఇంటికొచ్చిన రోజు నుంచి."

"మరి అడగలేదేం?"

అక్క గోడకి ఆనుకునే మెల్లగా కిందకి జారి, తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"నాకూ బతకాలని ఉంటుంది కదరా" అంది. "ఎవరికీ అక్కర్లేని నీళ్ళు నా కోసం ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను. నిన్న ఆవిడ ఆ సగం గ్లాసు సీసాలో పోసుకుంటుంటే అటు చూళ్ళేకపోయాను."

లెక్కలయ్య చాలా చెప్పాడు. పది రోజులు ఆగుదామన్నాడు, మబ్బులు పడుతున్నాయన్నాడు, లారీలతో నీళ్ళు తోలించమని పెద్దాఫీసరు కాళ్ళు పట్టుకుంటానన్నాడు. నువ్వు లేకపోతే నేనేం కావాలని కూడా అన్నాడు. అక్క అంతా విని, అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎప్పట్లా చల్లగా లేదు. నీళ్ళు చేతుల దాకా ఉండి ఎన్నాళ్ళయిందో.

"చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే ఏం చెయ్యమనేదాన్ని?"

"చెరపకుండా కొట్టేసి, పక్కన సరైంది రాయమనేదానివి."

"ఎందుకు?"

"తప్పు కనబడాలి కాబట్టి."

"మరి వెళ్ళి రాయి" అంది అక్క.

మీటింగు హాల్లో పొడవాటి బల్ల, దాని మీద బోర్లించిన గాజు గ్లాసులు. ఏటా వాటిలో నీళ్ళు పోసి పెట్టేవాళ్ళు, ఈసారి ఆ ఊసే లేదు. లెక్కలయ్య నిలబడి పుస్తకం చదివాడు. వాన ఇంత, నది తెచ్చింది ఇంత, ఆవిరి ఇంత. పూడిక దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఎర్ర కలం తీసి, అందరూ చూస్తుండగా ఒక అంకె కొట్టేశాడు. ఇందులో నాలుగడుగులు మట్టి కాదనీ, నీళ్ళనీ, తప్పు రాసింది తనేననీ చెప్పాడు.

ఎందుకు రాశావని ఒక్కరూ అడగలేదు. అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. పెద్దాఫీసరు కూడా కొత్తలో అక్క పక్కన కూర్చుని భోజనం డబ్బా విప్పినవాడే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"స్కేలక్కకి తెలుసా?"

"ఆవిడే చెప్పమందండి."

వెనక కుర్చీలోంచి నర్సమ్మ లేచింది. రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్న మనిషి, ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు. "ఆవిడ చేతి భోజనం తిన్నాను" అంది. "వద్దనాలని ఉందండి. అనలేను. నాకక్కడ పిల్లలున్నారు." సంచీ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

ఇంజినీరు లెక్క కట్టాడు. ఆ నాలుగడుగులూ వదిలితే చివరి ఊరికి నలభై అయిదు రోజుల తాగునీళ్ళు. అందులో పదిహేను రోజులవి ఎండిన కాలువే దారిలో తాగేస్తుంది. చేరేవి ముప్పై రోజులకి. పెద్దాఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు. వచ్చే ఏడాది నుంచి పుస్తకం ఇంకొకరు రాస్తారనీ, ఈ ఏడాదిది మాత్రం లెక్కలయ్యే ముగించాలనీ చెప్పాడు. అంతకు మించి శిక్ష వెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు.

నర్సమ్మ ఊరికి బయల్దేరుతూ అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. సంచీలోంచి సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ సగం గ్లాసు నీళ్ళే. అక్క నవ్వి, నాకెందుకమ్మా, ఏ పసివాడి నోట్లోనన్నా పొయ్యి అని తిరిగిచ్చేసింది.

గేటు జానెడు ఎత్తారు. నీళ్ళు పన్నెండు రోజులు పోయాయి. రోజూ పొద్దున లెక్కలయ్య పట్టా పరిచాడు, టేపు పట్టుకున్నాడు, చీటీ రాసుకున్నాడు. మొదటి రోజు రెండు అంగుళాల ముప్పావు. తర్వాత రెండున్నర. తర్వాత రెండుంబావు. అక్క మొదట్లో ఇల్లంతా తిరుగుతూ ఉప్పు ఏ డబ్బాలో ఉందో, చలికాలం దుప్పట్లు ఏ పెట్టెలో ఉన్నాయో చెప్పింది. చొక్కా గుండీలు ఊడినవన్నీ ఏరి కుట్టింది. పప్పు మాడ్చకుండా వండటం నేర్పుతూ, ఇన్నేళ్ళొచ్చాయి, పొయ్యి ముందు నిలబడే తీరు చూడు అని తిట్టింది. వారం దాటాక మంచం దిగడం మానేసింది. పడవవాడు ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడి ఆమెని చూసి వెళ్ళిపోయాడు. పట్టా మీద అడుగులు పలచబడ్డాయి. తర్వాత పడటమే మానేశాయి. అయినా లెక్కలయ్య రోజూ దాన్ని పరుస్తూనే ఉన్నాడు.

పన్నెండో రోజు పొద్దున అక్క తనే పిలిచింది.

"చలి పోయిందిరా" అంది. "కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. మట్టి తగిలింది."

లెక్కలయ్య టేపు తియ్యలేదు. ఆమె అరికాళ్ళు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి అవి పొడిగా ఉన్నాయి.

"ఇప్పుడు రాసుకో" అంది అక్క. "పూడిక ఇక్కడుంది."

అవే ఆమె ఆఖరి మాటలు. పది గంటలకి గేటు మూశారు. పదిన్నరకి లెక్కలయ్య ఆమె కళ్ళు మూసి, రిజిస్టరు తెప్పించుకుని, స్కేలు ప్రకారం పూడిక గీత, అక్క ప్రకారం పూడిక గీత, తేడా లేదు అని రాశాడు. ఆ తర్వాతే మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆఫీసంతా వచ్చింది. గట్టు అవతల, రిజర్వాయరు కనబడే చోట ఆమెని సాగనంపారు.

మూడో రోజు నర్సమ్మ ఫోను చేసింది. గేటు మూసేశామన్నారు కదండీ అని అడిగింది. మూశామమ్మా అన్నాడు లెక్కలయ్య.

"మరి కాలువలో నీళ్ళు ఇంకా వస్తున్నాయే. మొన్న మధ్యాహ్నం నుంచి ఇంకా ఎక్కువొస్తున్నాయి. తేటగా, ఎంత చల్లగా ఉన్నాయో."

లెక్కలయ్య ఫోను పెట్టేసి గేటు దగ్గరికి నడిచి వెళ్ళాడు. గేటు బిగించి ఉంది. దాని కింద రాళ్ళు ఎండి ఉన్నాయి. కాలువ అడుగున మట్టి అప్పుడే పగుళ్ళిస్తోంది. గట్టు వెంట రెండు మైళ్ళు నడిచినా తడి తగల్లేదు. తిరిగి వచ్చి నర్సమ్మకి ఫోను చేసి, అక్క పోయిన రోజూ గంటా చెప్పాడు. అవతల ఏడుపు అయిపోయిందనుకున్న మనిషి ఏడవడం వినబడింది.

చివరి ఊరి కాలువలోకి ఆ నీళ్ళు తొమ్మిది రోజులు వచ్చాయి. ఊరి చెరువు కొలిస్తే ముప్పై రోజులకి సరిపడా ఉండాల్సినవి యాభై మూడు రోజులకి ఉన్నాయి. వానలు యాభై ఒకటో రోజున పడ్డాయి. ఈ లోపల ఆ ఊళ్ళో పదకొండు మంది పిల్లలు పుట్టారనీ, పదకొండు మందికీ తన చేత్తో స్నానం చేయించాననీ, ఒక్కరు కూడా పోలేదనీ నర్సమ్మ ఉత్తరం రాసింది.

పుస్తకం ముగించే రోజు వచ్చింది. పెద్దాఫీసరు కలం పట్టుకుని, చివరి ఊరి వరస మీద వేలు పెట్టి ఆగాడు. వదిలింది నలభై అయిదు, కాలువ తాగింది పదిహేను, చేరింది యాభై మూడు. ఎక్కువొచ్చిన ఇరవై మూడు రోజుల నీళ్ళూ ఎక్కణ్ణుంచి వచ్చాయో రాయకుండా చూపించకూడదు కదయ్యా అన్నాడు మెల్లగా. లెక్కలయ్య పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. రాబడి వైపు వాన, నది, వాగులు అని ఉన్న వరసల కింద రూళ్ళకర్ర పెట్టి కొత్తగా ఒక గీత గీశాడు. "అక్క నుంచి" అని రాసి, ఎదురుగా అంకె వేసి, మళ్ళీ పైనుంచి కూడుకుంటూ వచ్చాడు. పెద్దాఫీసరు చదివి సంతకం పెట్టాడు.

రెండు వైపులా సరిపోయాయి. లెక్కకు రానిది అన్న చోట సున్నా పడింది. ఆ ఆఫీసులో అలా ఎప్పుడూ జరగలేదు. లెక్కలయ్య అలవాటు కొద్దీ పుస్తకం చంకలో పెట్టుకుని వానలో ఇంటికి వచ్చాడు, గుమ్మంలో పట్టా మీద కాళ్ళు తుడుచుకున్నాడు, లోపలికి వెళ్ళి బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టి, పక్కన ఆమె కళ్ళజోడు పెట్టాడు. సరిపోయిందక్కా అన్నాడు. వేలు పెట్టి చూడటానికి అక్క లేదు.